పాత నంబరు వ్యాపారానికి, కొత్త నంబరు నాకు: సోషల్ మీడియాను విడదీసుకున్న నా అనుభవం

నాది బ్యాగులు కుట్టి అమ్మే చిన్న వ్యాపారం. నేను, కుట్టుపనికి ఇద్దరు, ఆర్డర్లు చూసుకోవడానికి ఒక అమ్మాయి. మొదలుపెట్టినప్పుడు నా ఫోన్ నంబరే వ్యాపారం నంబరు, నా ఇన్‌స్టాగ్రామ్ అకౌంటే దుకాణం. పాప పుట్టినరోజు ఫొటోలూ అందులోనే, కొత్త బ్యాగుల ఫొటోలూ అందులోనే. మొదట కొన్నవాళ్లంతా చుట్టాలు, స్నేహితులే. వాళ్లు తమ స్నేహితులకు చెప్పారు, వాళ్లు ఇంకెవరికో చెప్పారు. అలా పెరుగుతూ పోయి, నా అకౌంటులో నాకు తెలిసినవాళ్లే తక్కువైపోయారు.

గత నవంబరులో ఒక కస్టమరు బ్యాగు ఆలస్యమైందని ఫోన్ చేసి, మాటల మధ్యలో మా పాప పేరు చెప్పి "పరీక్షలు బాగా రాసిందా అండీ?" అని అడిగారు. చాలా మర్యాదగానే అడిగారు. కానీ ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. ఫోన్ పెట్టేశాక గుండె దడ తగ్గడానికి కాసేపు పట్టింది. దానికి ముందే ఇంకోటి జరిగింది. నాన్న పోయినప్పుడు స్టేటస్‌లో ఆయన ఫొటో పెట్టాను. దానికి ఒకరు "నిన్న పెట్టిన బ్యాగు నలుపులో ఉందా?" అని జవాబు పంపారు. వాళ్లను అనడానికేమీ లేదు, నిన్నటిదాకా వాళ్లు ఆ చోట చూసింది బ్యాగులనే. కానీ ఆ రోజు ఆ మెసేజ్ చదవడం నా వల్ల కాలేదు. ఇక రాత్రిపూట "ఆన్‌లైన్‌లోనే ఉన్నారుగా, జవాబివ్వరేం?" అనే మెసేజ్‌ల గురించి వ్యాపారం చేసేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

ఎవర్ని అడిగినా "వ్యాపారానికి ఇంకో అకౌంటు తెరువు, సరిపోతుంది" అన్నారు. డిసెంబరంతా దాని గురించే ఆలోచించాను. నా సమాధానం దానికి తలకిందులుగా వచ్చింది. పాత నంబరు ప్రతి బ్యాగు లోపల కుట్టిన గుడ్డ ట్యాగు మీద ఉంది. ఎప్పుడో కొన్న బ్యాగుకు జిప్పు పాడైతే వాళ్లు ఆ నంబరుకే మెసేజ్ పెడతారు. ఫాలోవర్లలో ఎక్కువమంది కస్టమర్లే. కొత్త చోటికి రమ్మంటే వాళ్లలో ఎందరు వస్తారు? చుట్టాలు, స్నేహితులైతే పిలిస్తే వస్తారు. అంచేత దుకాణాన్ని ఉన్నచోటే వదిలి, ఇంటి సామాను మాత్రం బయటికి తెచ్చుకోవాలని తేల్చుకున్నాను. పాతవన్నీ వ్యాపారానికి, కొత్తవి నాకు. ఈ ఒక్క నిర్ణయం వల్ల తరువాతి పనులు చాలా తేలికయ్యాయి.

జనవరి మొదటి వారంలో వాట్సాప్‌తో మొదలుపెట్టాను. ఒకే నంబరు మామూలు వాట్సాప్‌లోనూ వాట్సాప్ బిజినెస్‌లోనూ ఒకేసారి ఉండదు, ఏదో ఒకదాంట్లోనే ఉంటుంది. చాలామంది చేసేదేమిటంటే, అదే ఫోన్‌లో బిజినెస్ యాప్ వేసి, పాత నంబరు ఇచ్చి, చాట్‌లన్నీ అందులోకి తెచ్చుకుంటారు. ఒంటరిగా నడిపేవాళ్లకు అది బాగానే ఉంటుంది. నాకు కుదరదు. చాట్‌లతోపాటు ఇంటి మాటలన్నీ అందులోకే వచ్చేస్తాయి. ఆర్డర్లు చూసే అమ్మాయి కంప్యూటర్‌లో ఆ అకౌంటు తెరిస్తే మా అక్కతో నేను మాట్లాడుకున్నవన్నీ ఆమె ముందుంటాయి. అది ఆమెకూ ఇబ్బందే.

అందుకని రెండో దారి పట్టాను. కొత్త సిమ్ తీసుకుని, వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్ కింద ఉండే నంబరు మార్చుకునే ఆప్షన్ వాడాను. దీంతో చాట్‌లు, గ్రూపులు, ప్రొఫైల్ అన్నీ కొత్త నంబరు మీదికి మారిపోతాయి, పాత నంబరు ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ అయిన నంబరును వేరే ఫోన్‌లో వాట్సాప్ బిజినెస్‌కు ఇచ్చుకోవచ్చు. ఇంటి చాట్‌లు ఒక్క అంగుళం కదలక్కర్లేదు.

చేసేముందు బ్యాకప్ తీశాను. అయినా టెన్షన్ తగ్గలేదు. నాన్న పంపిన వాయిస్ మెసేజ్‌లు అందులోనే ఉన్నాయి. ప్రతిదీ గొంతు సవరించుకుని "విన్నావా అమ్మా" అంటూ మొదలవుతుంది. అందుకే ముందు ఆ ఒక్క చాట్‌ను మీడియాతో సహా ఎక్స్‌పోర్ట్ చేసి కంప్యూటర్‌లో పెట్టుకున్నాను. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆడియో ఫైళ్ల పేర్లు పీటీటీ అనే అక్షరాలతో మొదలై, ఆ పక్కనే ఏడాది, నెల, తేదీ అంకెలుగా ఉంటాయి. ఏది ఎప్పుడు పంపారో పేరు చూస్తేనే తెలుస్తుంది. మీకూ అలాంటి చాట్ ఒకటి ఉంటే, మిగతా పనులన్నిటికన్నా ముందు ఇది చేసుకోండి. ఎక్స్‌పోర్ట్ చేశాక ఫోల్డర్ తెరిచి ఒకటిరెండు విని చూడండి, ఫైళ్లు సరిగా తెరుచుకుంటున్నాయో లేదో తెలుస్తుంది.

నంబరు మార్చేటప్పుడు ఎవరెవరికి తెలియజేయాలని యాప్ అడుగుతుంది. కాంటాక్టులందరికా, చాట్ చేసినవాళ్లకా, లేక మనం ఎంచుకున్నవాళ్లకా అని. ఇక్కడ తొందరపడకూడదు. అందరికీ అని నొక్కితే కొత్త నంబరు కస్టమర్లందరికీ వెళ్లిపోతుంది, చేసిన పనంతా వృథా. నేను మూడోది ఎంచుకుని ఇంటివాళ్లను, స్నేహితులను ఒక్కొక్కరినే టిక్ చేశాను. గ్రూపులకు మాత్రం మనం ఏది ఎంచుకున్నా తెలిసిపోతుంది. అంచేత కస్టమర్లు కూడా ఉన్న గ్రూపుల్లోంచి ముందే బయటికొచ్చాను. పాప బడి గ్రూపులో తప్పలేదు, అందులో ఇద్దరు తల్లులు నా దగ్గర బ్యాగులు కొంటారు.

మార్పు కొద్ది నిమిషాల్లోనే అయిపోయింది. నాన్న చాట్ తెరిచి పైదాకా వెళ్లి చూసుకున్నాను, అన్నీ ఉన్నాయి. కొత్త నంబరు మీద వెంటనే మళ్లీ బ్యాకప్ తీశాను. ఇది మర్చిపోవద్దు, పాత బ్యాకప్ పాత నంబరుకు ముడిపడి ఉంటుంది.

తరువాత పనికోసం పెట్టుకున్న రెండో ఫోన్‌లో బిజినెస్ యాప్ వేసి పాత నంబరు ఇచ్చాను. ఎస్సెమ్మెస్‌లో కోడ్ వచ్చింది. తెరిచి చూస్తే లోపల ఒక్క చాట్ కూడా లేదు. అలాగే ఉంటుందని తెలిసినా, ఇన్నేళ్ల వ్యాపారం ఎక్కడికో పోయినట్టు అనిపించింది. కస్టమర్లతో జరిగిన పాత మాటలు నా సొంత ఫోన్‌లోనే ఉండిపోతాయి. అక్కడ చదువుకోవచ్చు గానీ, అక్కణ్నుంచి జవాబిస్తే కొత్త నంబరు బయటపడుతుంది. అందుకే ముందురోజే నడుస్తున్న ఆర్డర్లన్నీ, కొలతలు, రంగులు, చిరునామాలతో సహా నోటుబుక్‌లో రాసిపెట్టాం. ఆ తరువాత సొంత ఫోన్‌లో ఉన్న కస్టమర్ల చాట్‌లన్నీ ఆర్కైవ్‌లోకి పంపేశాను.

అసలు విసుగు పుట్టించింది కాంటాక్టులు. నా ఫోన్‌బుక్‌లో చుట్టాలు, కస్టమర్లు, బట్ట సరఫరా చేసేవాళ్లు అంతా కలిసి ఉన్నారు. వ్యాపారానికి వేరే ఈమెయిల్ తెరిచి, కస్టమర్ల నంబర్లు అందులోకి మార్చి, నా ఫోన్‌లోంచి తీసేయాలి. కొందరు పేర్లతో ఉన్నారు, కొందరు "బ్రౌన్ ఆఫీసు బ్యాగు" అని ఉన్నారు. రోజూ రాత్రి భోజనాలయ్యాక కాసేపు కూర్చుని చేస్తే నెలాఖరుకు అయింది. ఇది వదిలేయాలనిపిస్తుంది, వదిలేయకండి. ఫోన్‌బుక్‌ను చూసే యాప్‌లు చాలావరకు అందులో ఎవరుంటే వాళ్లనే మనకు, మనల్ని వాళ్లకు చూపిస్తాయి.

నేను ముందుగా ఊహించనిది సిమ్ సంగతి. పాత నంబరు బ్యాంకులకు, పన్నులకు, పాప బడికి, ఇంకా ఎన్నిటికో ఇచ్చి ఉంది. ఆ సిమ్ పని ఫోన్‌లో వేస్తే నా బ్యాంకు ఓటీపీలు పని బల్ల మీద వస్తాయి. నేను చేసినప్పుడు వాట్సాప్ బిజినెస్‌కు సిమ్ నమోదు సమయంలో కోడ్ కోసమే అవసరమైంది, తరువాత ఇంటర్నెట్ ఉంటే సరిపోయింది. కాబట్టి కొన్నాళ్లు పాత సిమ్ నా ఫోన్ రెండో స్లాట్‌లోనే ఉంచుకుని, ఒక్కొక్క చోటా నంబరు మార్పించుకుంటూ వచ్చాను. కొన్నిచోట్ల అప్పటికప్పుడే అయింది. ఒకచోట ఫారం, గుర్తింపు కార్డు నకలు, సంతకం అన్నారు, రెండు వారాలు ఆగమన్నారు. ఆ రోజుల్లో కస్టమర్ల కాల్స్ నాకే వచ్చేవి. మార్చి వచ్చాక గానీ పాత సిమ్ పని ఫోన్‌లోకి వెళ్లలేదు. మొత్తం ప్రయాణంలో ఎక్కువ కాలం తీసుకున్నది ఇదే, దీనికి సోషల్ మీడియాతో సంబంధమే లేదు. ఇప్పుడు మొదలుపెట్టేవాళ్లయితే కొత్త సిమ్ తీసుకున్న రోజే బ్యాంకు పని మొదలుపెట్టుకోండి.

బిజినెస్ యాప్‌లో పనివేళలు, మనం లేనప్పుడు దానంతటదే వెళ్లే సందేశం పెట్టుకోవచ్చు. నేను మొదట రాసింది ఇది: "మీ మెసేజ్ అందింది. మేం ఉదయం 10 నుంచి సాయంత్రం 6 వరకు ఉంటాం. అర్జెంటైతే కాల్ చేయండి." ఆ చివరి మాట ఉన్నంతకాలం అందరికీ అర్జెంటే. దాన్ని తీసేసి "రేపు పని మొదలవగానే జవాబిస్తాం" అని మార్చాను. ఒక్కరు కూడా ఏమీ అనలేదు. నేనే ఇన్నేళ్లు భయపడ్డాను, జవాబు ఆలస్యమైతే ఆర్డరు పోతుందని. మెసేజ్ పెట్టగానే దానంతటదే వెళ్లే స్వాగత సందేశం ఇంకోటి ఉంటుంది, అది కొత్తవాళ్లకే కాదు, 14 రోజులుగా మాటల్లేని పాత కస్టమర్లకూ వెళుతుంది. పదేపదే కొనేవాళ్లు "నన్ను మర్చిపోయారా?" అనుకోకుండా, పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ సరిపోయేలా రాసుకోవాలి.

జనవరి చివర్లో ఇన్‌స్టాగ్రామ్ మొదలుపెట్టాను. ముందు నాకోసం ప్రైవేటు అకౌంటు తెరిచాను. కొత్త ఈమెయిల్ ఇచ్చాను, ఫోన్ నంబరు ఇవ్వలేదు, కాంటాక్టులు చూడటానికి అనుమతి ఇవ్వలేదు. అయినా కొద్ది రోజుల్లో కస్టమర్ల నుంచి ఫాలో రిక్వెస్టులు వచ్చాయి. నా చుట్టాల్లో కొందరికి మా కస్టమర్లతో పరిచయం ఉంది, ఆ దారిలో కనిపించి ఉంటాను. తిరస్కరించినా అవతలివాళ్లకు నోటిఫికేషన్ వెళ్లదు, అది కొంత ఊరట. అయినా తెలిసిన పేర్ల మీద తిరస్కరించు అని నొక్కడానికి చెయ్యి రాలేదు. మొదటి వారం వాటిని అలాగే ఉంచేశాను. తరువాత ఒక్కొక్కరికీ వ్యాపార అకౌంటు నుంచే "అది ఇంటివాళ్ల కోసం పెట్టుకున్నాను, ఏమీ అనుకోకండి, బ్యాగులు, కబుర్లు అన్నీ ఇక్కడే" అని రాసి తీసేశాను. చాలామంది నవ్వు బొమ్మ పెట్టారు. ఒకావిడ "మంచి పని చేశారు, నేనూ చేయాలి" అన్నారు.

పాత అకౌంటులోని ఇంటి ఫొటోలు తొలగించకుండా ఆర్కైవ్ చేశాను. ఎవరికీ కనిపించవు గానీ లైకులు, కామెంట్లతో సహా మనకు ఉంటాయి. ప్రొఫైల్‌లో ఉండే "మీ యాక్టివిటీ" అనే చోట ఒకేసారి చాలా పోస్టులు ఎంచుకుని ఆర్కైవ్ చేయొచ్చు, ఒక్కొక్కటీ తెరవక్కర్లేదు. ప్రొఫైల్ మీద నిలిచి ఉండే పాత స్టోరీలు, అంటే హైలైట్లు మాత్రం విడిగా చూసుకోవాలి. నా హైలైట్లలో పాప యూనిఫాంతో, బడి పేరు కనిపించేలా ఉన్న వీడియో ఒకటి ఉంది. దాన్ని తీసేశాక నాకు ఎక్కువ నిద్ర పట్టింది. ఇతరులు మనల్ని ట్యాగ్ చేసిన ఫొటోలు ఇంకో చోట ఉంటాయి, అవీ చూడండి.

తరువాత ఆ అకౌంటును బిజినెస్ అకౌంటుగా మార్చి, నా పేరుతో ఉన్న యూజర్‌నేమ్ స్థానంలో బ్యాగుల పేరు పెట్టాను. పాత పేరుకు తిరిగి వెళ్లాలంటే 14 రోజుల గడువు ఉంటుంది, ఆ తరువాత దానికి హామీ లేదు. పాత పేరుతో ఎక్కడెక్కడ లింకులు ఇచ్చామో అవి ఆ క్షణం నుంచి పనిచేయవు. మా బిల్లుల మీద, ప్యాకింగ్ కార్డుల మీద అది అచ్చయి ఉంది. మిగిలిన కార్డుల మీద కొత్త పేరు స్టిక్కర్లు అంటించాం. బిజినెస్‌గా మార్చేటప్పుడు మన ఈమెయిల్, ఫోన్ నంబరు ప్రొఫైల్‌లో చూపించాలా అని వస్తుంది. అందులో నా సొంత ఈమెయిల్ అప్పటికే నింపి ఉంది. చదవకుండా నెక్స్ట్ కొట్టుకుంటూ పోతే అది బహిరంగమయ్యేది. ఇంకో చిన్న ఆశ్చర్యం పాటలు. బిజినెస్ అకౌంటులో రీల్స్‌కు అందుబాటులో ఉండే సంగీతం బాగా తగ్గిపోతుంది, సినిమా పాటలు చాలావరకు దొరకవు. ఇప్పుడు మా వీడియోల్లో కుట్టు మిషన్ చప్పుడే ఉంటుంది. దాన్ని వినడానికే చూస్తామని కొందరు చెప్పారు.

ఫిబ్రవరి అంతా లైకులు తగ్గాయి. అది చూసి దిగులుపడ్డాను. పాప ఫొటోకు వచ్చినన్ని లైకులు ఏ బ్యాగుకూ ఎప్పుడూ రాలేదు, ఆ సంగతి నాకు ముందునుంచీ తెలుసు. ఆర్డర్లు మాత్రం తగ్గలేదు. పాప ఫొటోకు లైకు కొట్టినవాళ్లలో చాలామంది బ్యాగు కొనేవాళ్లు కాదని నాకు అప్పుడే తెలిసింది. అలాగని వ్యాపార అకౌంటులో నేను లేకుండా పోలేదు. నా చేతులు, నా గొంతు, పని చేసే బల్ల కనిపిస్తాయి. ఇల్లు, పిల్ల, జబ్బులు, ప్రయాణాలు కనిపించవు. నేను పెట్టుకున్న గీత అది.

ఫేస్‌బుక్‌లో నా పేజీ ఉంది గానీ దాన్ని చాలాకాలం క్రితం తెరిచిపెట్టింది వేరేవారు, పూర్తి నియంత్రణ వాళ్ల ప్రొఫైల్‌కే ఉంది. అడిగితే వెంటనే ఇవ్వలేదు. మర్యాదగా పదేపదే గుర్తు చేశాక ఇచ్చారు. కొత్తగా వచ్చినవాళ్లు పాతవాళ్లను తీసేయాలంటే 7 రోజులు ఆగాలి. ఆ వారం రోజులూ వాళ్లు నన్నే తీసేస్తారేమోనని రోజూ తెరిచి చూసుకునేదాన్ని. ఏమీ జరగలేదు. పేజీకి ఎవరో ఒకరి సొంత ప్రొఫైల్ ఆధారంగా ఉండాలి. నా ప్రొఫైల్‌కు ఏదైనా అయితే పేజీ చేజారకుండా మావారికీ పూర్తి నియంత్రణ ఇచ్చాను. ఆర్డర్లు చూసే అమ్మాయికి మెసేజ్‌లు, పోస్టుల వరకే అనుమతి ఇచ్చాను, పాస్‌వర్డ్ ఇవ్వలేదు. ఆమె తన ప్రొఫైల్‌తోనే పని చేసుకుంటుంది, ఆమె ప్రొఫైల్ వివరాలు కస్టమర్లకు కనిపించవు. నా ప్రొఫైల్‌లోని పాత పబ్లిక్ పోస్టులన్నిటినీ ఒకేసారి స్నేహితులకు మాత్రమే అని మార్చే ఆప్షన్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో ఉంది. అది ఒక్క నొక్కుతో అయిపోయింది.

మనుషుల సంగతి మాత్రం నొక్కులతో తేలలేదు. మా పిన్ని ఫోన్ చేసి "మమ్మల్నెందుకు తీసేశావు? నీ బ్యాగులకు మొదట లైకు కొట్టింది నేను కాదూ?" అంది. తీసేయలేదు పిన్నీ, రెండు చోట్లా ఉండు అని చెప్పి, కొత్త అకౌంటు ఆమె ఫోన్‌లో నేనే తెరిచి చూపించాక శాంతించింది. కస్టమర్లుగా వచ్చి నిజంగా స్నేహితులైనవాళ్లు ఐదారుగురు ఉన్నారు. వాళ్లకు కొత్త నంబరు ఇవ్వాలా అని చాలా తటపటాయించాను. ఆర్డరేమీ లేకపోయినా నా యోగక్షేమాలు అడిగినవాళ్లకు ఇచ్చాను. బడి గ్రూపులోంచి నంబరు తీసుకుని ఒకావిడ కొత్త బ్యాగు ధర అడిగారు. "ఇది ఇంటి నంబరండీ, దుకాణం నంబరుకు పెట్టండి, అక్కడ వెంటనే చూస్తారు" అని రాశాను. మొహమాటంతో ఒక్కసారి ఇక్కడే జవాబిస్తే ఇదీ దుకాణమైపోతుంది.

ఖర్చు లెక్కకొస్తే, రెండో ఫోన్, కొత్త సిమ్, ప్రతి నెలా రెండు రీఛార్జీలు, మళ్లీ వేయించిన కార్డులు. పాత సిమ్‌కు రీఛార్జి ఎప్పుడూ ఆపకూడదు, ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతే ట్యాగుల మీద ఉన్న నంబరు వాళ్లదవుతుంది. అన్ని అకౌంట్లకూ రెండంచెల భద్రత పెట్టి, ఫోన్ చేతిలో లేకపోయినా లాగిన్ అవడానికి ఇచ్చే అత్యవసర కోడ్‌లు కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను. పని ఫోన్ సాయంత్రం ఆరింటికి సొరుగులో పెట్టి తాళం వేస్తాం. కంప్యూటర్‌లో లింక్ చేసిన వాట్సాప్ మాత్రం, అసలు ఫోన్‌ను 14 రోజులకు మించి వాడకపోతే లాగౌట్ అయిపోతుంది. పండగ సెలవులు, ప్రయాణాలు ఉన్నప్పుడు అది గుర్తుంచుకోవాలి.

ఇంకా యూట్యూబ్ మిగిలింది. ఛానెల్ నా సొంత జీమెయిల్ మీద ఉంది. దాన్ని ఒకరికన్నా ఎక్కువమంది ఓనర్లుగా ఉండగలిగే బ్రాండ్ అకౌంటు కిందికి మార్చి, వ్యాపార ఈమెయిల్‌ను అందులో ఓనరుగా చేర్చాను. ప్రధాన ఓనరుగా చేయాలంటే ఆ ఈమెయిల్ కనీసం 7 రోజులు ఓనరుగా ఉండాలి. గడువు వచ్చే బుధవారంతో పూర్తవుతుంది. అప్పటిదాకా కొత్త వీడియోలు పెట్టడం ఆపాం.